కుప్పం మిద్దె మీద దుమ్ము జాడీ

పోయిన నెల పుంగనూరులో మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు మరదలు అన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ వేసింది. ఊరగాయ బాగుంది, కానీ నా చూపంతా జాడీ మీదే ఉంది. వెడల్పు మూతి గాజు జాడీ. అడుగు దగ్గర పసుపు పెయింటుతో రాసిన ‘పి’ అనే ఇంగ్లీషు అక్షరం, సగం చెరిగిపోయినా నేను గుర్తుపట్టేట్టుగానే ఉంది. “ఇది యాడిదమ్మా?” అని అడిగితే, “అటక సర్దతా ఉంటే దొరికింది వదినా. మీ అవ్వ కాలందేమో అనుకున్నా. దానికి మూత దొరకలేదు, ప్లాస్టిక్ మూత కొనుక్కొచ్చి పెట్టినా” అంది. దానికి మూత ఎప్పుడూ లేదనీ, ఉండకూడదనీ ఆ పిల్లకి ఎట్లా తెలుస్తుంది? నాకు నవ్వొచ్చి పొలమారింది. నెత్తిన తట్టి, నీళ్లు తాగించి, “ఏమయింది వదినా, కారం ఎక్కువైందా?” అని కంగారు పడింది పాపం. యూనివర్సిటీ వాళ్లు పాతబడ్డాయని పారేస్తుంటే నేనే తెచ్చుకున్న జాడీ అది. దానికి ఇంకో రెండు తోబుట్టువులు ఉండేవి. ఒకటి మదనపల్లెలో, ఒకటి కుప్పంలో. ఆ కుప్పం జాడీ నా తల ప్రాణం తోకకి తెచ్చింది.

ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ అనే చదువు అప్పట్లో మా వైపు ఎవరికీ తెలియదు. పేరు చెబితే ఎదుటివాళ్లు ఇంకోసారి చెప్పమనేవారు, ఇంకోసారి చెప్పినాక తలకాయ ఊపి వేరే మాట ఎత్తుకునేవారు. నేను మదనపల్లెలో మేనమామ ఇంట్లో ఉండి బీయస్సీ చదివాను. చల్లటి ఊరు, పొద్దున్నే మంచు, ఇంట్లో వేడివేడి రాగిసంకటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి. ఆ మూడేళ్లూ నాకు ఏ దిగులూ లేదు. ఎమ్మెస్సీకి బాటనీలో సీటు వస్తుందనుకున్నాను, రాలేదు. తిరుపతిలో యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన ఈ కోర్సులో మాత్రం సీట్లు మిగిలిపోయి ఉన్నాయి. ప్రకృతి మీద ప్రేమతో ఈ చదువు ఎంచుకున్నారా అని తర్వాత్తర్వాత చాలామంది అడిగారు. సీటు మిగిలింది, చేరాను, అంతే. ప్రేమ ఆ తర్వాత పుట్టింది, మా కాలం పెళ్లిళ్లలో మాదిరి.

మా నాయన నాగప్ప చింతపండు వ్యాపారి. మా ఇంటి ముందరి గదినిండా చింతపండు తట్టలే. శివరాత్రి దాటిందంటే చుట్టుపక్కల ఆడవాళ్లు మా పంచలో కూర్చుని చింతకాయలు కొట్టి, గింజ తీసి, పీచు లాగుతూ లోకంలోని కబుర్లన్నీ అక్కడే తేల్చేసేవాళ్లు. ఆ పులుపు వాసన మా పుస్తకాలకీ, పక్కబట్టలకీ పట్టేది. హాస్టల్లో నేను పెట్టె తెరిస్తే రూములో పిల్లలకి నోట్లో నీళ్లూరేవి. నాయనకి నా చదువేమిటో అర్థం కాలేదు గానీ, వద్దనలేదు. ఒక మాట మాత్రం ముందే చెప్పాడు. “రెండేళ్లమ్మా రెడ్డెమ్మా. మూడో ఏడనేది నా చేతిలో లేదు. నీ తమ్ముడు కాలేజీకి పోవల్ల.” ఆ మాటలో కోపం లేదు, బెదిరింపు లేదు. తట్టలో ఎంత పండు పడుతుందో చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు భయం. రెండేళ్లలో ప్రాజెక్టు పూర్తికాకపోతే డిగ్రీ లేదు, మళ్లీ ఏడాది చదివించే స్తోమత లేదు, చింతపండు తట్టల మధ్యకి తిరిగి రావడమే.

రెండో ఏడు ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి మా గైడు సారు దుమ్ము అన్నారు. ఆయన గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన, మార్కులు గట్టి. “నువ్వేమో చిత్తూరు జిల్లా పిల్లవి. మీ మూడు ఊళ్లలో నెలకి ఎంత దుమ్ము రాలుతోందో కొలిచి తీసుకురామ్మా. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు” అన్నారు. నిజంగానే యంత్రాలు లేవు. వెడల్పు మూతి గాజు జాడీలో శుభ్రమైన నీళ్లు పోసి, మిద్దె మీద పెట్టి, నెలరోజులు అట్లా వదిలేయాలి. గాలిలోంచి రాలిన దుమ్ము ఆ నీళ్లలో పడుతుంది. నెల తర్వాత ఆ నీళ్లు వడకట్టి, మిగిలింది ఎండబెట్టి తూచాలి. మూడు ఊళ్ల జాడీలూ ఒకే నెలలో ఉంటేనే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం కుదురుతుంది. ఎండాకాలపు వానలు మొదలయ్యాయంటే జాడీలు పొంగిపోతాయి కాబట్టి, ఆలోగానే పని తెమలాలి. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. నెలరోజులు ఎవరూ ఏమీ చేయకుండా ఉంటే చాలు. మా వాళ్లని ఏమీ చేయకుండా ఉండమనడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియలేదు.

పుంగనూరు జాడీ మా ఇంటి మిద్దె మీదే పెట్టాను. మా అవ్వకి అది నచ్చలేదు. మూత లేని జాడీ ఆమె దృష్టిలో చీర సరిగా కట్టుకోని ఆడమనిషితో సమానం. నాయన గట్టిగా చెప్పినందుకు ఊరుకుంది గానీ, వడియాలకి కాపలా కూర్చున్నప్పుడల్లా దానికేసి చూసి మూతి తిప్పుకునేది. మదనపల్లె జాడీ మేనమామ మిద్దె మీద. ఆయన దాని దగ్గరికి వీధిలో వాళ్లందరినీ తీసుకెళ్లి చూపించి, “మా పాప ప్రయోగం. ఎవురూ తుమ్మగూడదు” అని నోటికొచ్చిన షరతులు పెట్టేవాడు. పుంగనూరులో నాయన దగ్గరికొచ్చే బేరగాళ్లకి ఇది తెలిసింది. “ఏమప్పా నాగప్పా, నీ బిడ్డ తిరుపతికి పోయి దుమ్ము చదవతాండాదంట గదా?” అని నవ్వేవారు. నాయన త్రాసు మీంచి చూపు తిప్పకుండా, “దుమ్ము లేని ఊరు యాడుండాదప్పా? నా బిడ్డకి యాడైనా ఉద్యోగం దొరకతాది” అనేవాడు. నేను లోపలి గదిలోంచి విని, ఆయన ముఖం చూడాలని బయటికొచ్చేదాన్ని. ఏమీ జరగనట్టు పండు తూస్తూ ఉండేవాడు.

ఇక కుప్పం. అక్కడ మాకు చుట్టాలు లేరు, చుట్టాలకంటే ఎక్కువైన మస్తాన్ మామ ఉన్నాడు. ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలరు. నాయన కుప్పం సంతకి చింతపండు వేసుకుని పోయినప్పుడల్లా ఆయనింట్లోనే బస. ఆయన భార్య జైబున్ అత్త, కొడుకు కాదర్. కాదర్ నాకంటే కాస్త చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. కొత్తగా ఊరి చివర రాళ్లు కోసి పాలిష్ పట్టే షెడ్డులో పనికి చేరాడు. ఆ ఇంట్లోకి అడుగు పెడితే కుట్టుమిషను నూనె, కొత్తగుడ్డ, పుదీనా, మూడు వాసనలూ ఒకేసారి పలకరించేవి. అత్తకి లోకంలో ఒక్కటే శత్రువు, దుమ్ము. రాళ్ల షెడ్డు నుంచి ఒక దుమ్ము, రైలు పట్టాల వైపు నుంచి ఇంకో దుమ్ము. పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేది, మధ్యాహ్నం ఇంకోసారి ఊడ్చేది. నీళ్లకుండకి గుడ్డ, పాలగిన్నెకి గుడ్డ, రేడియోకి కుచ్చుల గుడ్డ, మిషనుకి పూలగుడ్డ. మస్తాన్ మామ కుర్చీలో కునుకు తీస్తే ఆయనకీ ఒకటి కప్పేసేది. “ఈమె చేతిలో నిద్రపోవాలంటే భయమమ్మా, పోయినాననుకోని ఎవురైనా ఏడస్తారు” అని మామ నవ్వించేవాడు. అట్లాంటి ఇంటి మిద్దె మీద, దుమ్ము పట్టడానికి, మూత లేని జాడీ పెట్టి, “అత్తా, దీన్ని ఎవరూ కదపగూడదు, జాగర్తగా సూసుకో” అని చెప్పి నేను బస్సెక్కి తిరుపతి వెళ్లిపోయాను.

నెల తిరిగాక మూడు ఊళ్లూ తిరిగి నీళ్లు తెచ్చుకున్నాను. కుప్పంలో నేను మిద్దెక్కే పని లేకుండా అత్తే జాడీ నీళ్లు సీసాలో పోసి తెచ్చిచ్చింది. పుంగనూరు నీళ్లలో ఎర్రదుమ్ము, మదనపల్లె నీళ్లలో నల్లటి మడ్డి. కుప్పం నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి, తాగొచ్చు అన్నట్టు. నేనేదో కొత్త సంగతి కనిపెట్టాననుకున్నాను. కుప్పం గాలిలో ఏదో మహిమ ఉందనీ, దాని మీద ఒక వ్యాసం రాయవచ్చనీ బస్సులో వచ్చేటప్పుడు పేరు కూడా ఆలోచించాను. సారు సీసాని వెలుతురుకి పట్టి చూశారు. “ఏవిటమ్మా ఇది? రాళ్లు కోసే ఊళ్లో పెట్టావా, హిమాలయాల్లో పెట్టావా?” అన్నారు. నా వ్యాసం అక్కడితో సరి. మూడు జాడీలూ మళ్లీ మొదటినుంచి పెట్టాలన్నారు.

కుప్పం చేరి మిద్దెక్కితే అసలు విషయం కనబడింది. జాడీ మూతికి తెల్లటి మల్లుగుడ్డ, చుట్టూ నూలుదారంతో బిగించి, ఆవకాయ జాడీకి కట్టినంత చక్కగా వాసెన కట్టి ఉంది. నా వెనకే మెట్లెక్కి వచ్చిన అత్త, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ నిలబడింది. “అరే బేటీ, నువ్వేమో చదువుకునే పిల్లవి, మూత మరిచిపోయి పొయ్యినావు. ఆడ రాళ్ల షెడ్డు, ఈడ రైలు, అంతా దాంట్లోనే పడతాండాది. జాగర్తగా సూసుకో అని చెప్పినావు గదా? నువ్వు పొయ్యిన దినమే నేనే ఉతికిన గుడ్డ కట్టినా. రెండు దినాలకొక గుడ్డ మారస్తాండా” అంది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే నెలంతా పోయిందని చెప్పాను, డిగ్రీ పోతుందేమోనని చెప్పాను, నాయన మాట చెప్పాను. ఆమెకి దుమ్ము కావలసిన మనుషులు ఉంటారని నమ్మకం కలగలేదు గానీ, నా ఏడుపు మాత్రం అర్థమైంది. “నక్కో బేటీ, నక్కో రో, ఏడవొద్దు” అంటూ ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. కింద మిషను ఆపి, మా ఇద్దరి ఏడుపూ విని, సంగతి తెలుసుకుని మస్తాన్ మామ ఎంత నవ్వాడంటే ఆయనకి దగ్గు తెర పట్టుకుంది.

రెండో నెల అత్త ఒట్టు పెట్టుకుంది, గుడ్డ ముట్టనని. మాట నిలబెట్టుకుంది కూడా. నెలాఖరుకి నేను వెళ్లేసరికి జాడీకి గుడ్డ లేదు. జాడీ అడుగున మాత్రం వేలెడు మందాన మెత్తటి బురద పేరుకుని ఉంది. ఆకాశం ఒక నెలలో అంత దుమ్ము కురిపిస్తే కుప్పంలో ఇళ్లు కనబడవు. నేను అత్త ముఖం చూశాను. ఆమె ముఖం వెలిగిపోతోంది. “పోయిన నెల దుమ్మంతా నేనే గదా ఆపేసింది? నా వల్ల నీకు నష్టం రాగూడదని రోజూ వాకిలి ఊడ్చినప్పుడు రవ్వంత తెచ్చి దాంట్లో ఏసినా. మంచి దుమ్మే బేటీ, జల్లెడ పట్టినా” అంది. ఈసారి నాకు ఏడుపు రాలేదు. ఆ బురదనీళ్లే ఒక సీసాలోకి పోసుకుని బస్సెక్కాను. తిరుపతిలో సారు అంతా విని, “జల్లెడ పట్టిందా?” అని మాత్రం అడిగారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వారో ఏమో, నాకు చూపించలేదు. “ఇంక ఒక్క నెలే ఉందమ్మా. ఆ తర్వాత వానలు. ఈసారీ పాడైతే ఈ సంవత్సరానికి నేనేమీ చేయలేను” అన్నారు.

క్లాసులు అయిపోయాయి కాబట్టి ఆ నెల నేనే కుప్పంలో ఉండిపోవాలని నిర్ణయించుకున్నాను. నాయనతో చెబితే, “ఆ జాడీ ముందరే కూర్చో తల్లీ, ఇంకేమీ సెయ్యొద్దు” అని తనే తీసుకొచ్చి దింపాడు. నా జీవితంలో అంత హాయిగా గడిచిన నెల ఇంకోటి లేదు. పొద్దున అత్త చేసే గోధుమ రొట్టె, పుదీనా పచ్చడి. తర్వాత మిద్దె మీద గొడుగు వేసుకుని నేను, నా పక్కన బియ్యం ఏరుతూ అత్త. నాకు తోడు కూర్చున్నానంటుంది గానీ, గుడ్డ కట్టాలని ఆమె చేతులు ఆడిపోతున్నాయని నాకు తెలుసు. ఆమెకి నేను కాపలా, నాకు ఆమె కాపలా. కింద మిషను చప్పుడు. సాయంత్రం కాదర్ షెడ్డు నుంచి వచ్చేవాడు, తల మొదలు కనురెప్పల వరకు తెల్లగా. అత్త తువ్వాలు పట్టుకుని వాకిట్లోనే వాణ్ని దులిపేది. “సూడు, పిండి మిషన్లోంచి వచ్చినాడు మా నవాబు” అని రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. మేమందరం కూడా నవ్వేవాళ్లం.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ, “ఇంతకీ ఈ దుమ్ము పట్టి ఏం జేస్తారు బేటీ?” అని అడిగింది. రెండు నెలలుగా ఆమెతో దుమ్ము గురించే మాట్లాడుతున్నాం, ఎందుకో మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు. “ఈ జాడీ నోరు తెరుసుకోని ఉండాది గదత్తా, మన ముక్కూ అంతే. దీంట్లో ఎంత పడతాదో తెలిస్తే మన రొమ్ములోకి ఎంత పోతాందో కొంచిం అంచనా దొరకతాది. జాడీ అయితే కడుక్కోవచ్చు. రొమ్ము యాడ కడగతాం?” అన్నాను. పరీక్షలో రాసే జవాబు కంటే అది బాగా వచ్చిందని లోపల సంతోషపడ్డాను కూడా. అత్త చేతిలో చేట ఆగిపోయింది. “లోపలికి పొయ్యింది మళ్లా బయటికి రాదా?” అంది. కొంచెం దగ్గుతో వస్తుందన్నాను, సన్నది రాదన్నాను. “రాళ్ల దుమ్ము?” అంది. “అది మరీ సన్నదత్తా” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమె ఏమడుగుతోందో నాకు తెలియలేదు. ఎమ్మెస్సీ చదువుతున్న నేను, రోజూ సాయంత్రం కాదర్‌ని చూసి నవ్విన నేను, ఆ రెండూ ఒకచోట పెట్టి చూడలేదు. అత్త బియ్యం అట్లానే వదిలేసి కిందికి దిగిపోయింది.

ఆ సాయంత్రం కాదర్ వస్తే ఆమె నవాబు అనలేదు. తువ్వాలు తడిపి వాడి ముక్కు చుట్టూ తుడిచి, ఆ తువ్వాలుకేసి చూసింది. మరుసటి రోజు పొద్దున వాడు పనికి బయలుదేరుతుంటే అడ్డంగా నిలబడి, నా వైపు తిరిగి, “జాడీకి కట్టగూడదన్నావు, సరే. వీడికి కట్టొచ్చు గదా?” అంది. మల్లుగుడ్డ రెండు మడతలు వేసి, ముక్కూ నోరూ మూసుకునేట్టు వెనకాల ముడి బిగించింది. ఎన్నేళ్ల అలవాటో, ముడి ఒక్క లాగుకి పడింది. వాడు వీధి మలుపు తిరగ్గానే విప్పి జేబులో పెట్టుకున్నాడని సాయంత్రం తెల్లటి మూతి చూస్తేనే తెలిసిపోయింది. అప్పుడు మస్తాన్ మామ రంగంలోకి దిగాడు. జాకెట్ల లైనింగు ముక్కలు మిగిలినవి తీసుకుని, చెవులకి తగిలించుకునేట్టు నాడాలు పెట్టి కుట్టాడు. చిలకపచ్చ ఒకటి, వంగపండు రంగుది ఒకటి. “ఆడోళ్ల జాకెట్టు గుడ్డ మూతికి కట్టుకోని పోవల్లనా? షెడ్డులో అందరూ నవ్వతారు నాయనా!” అని కాదర్ గోల. అత్త చెప్పులేసుకుని వాడి వెంట షెడ్డు దాకా పోయింది. నవ్వినవాళ్లని నిలబెట్టి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ వారంలోనే ఇంకొందరు పిల్లలు సిగ్గుపడుతూ మామ దగ్గరికి వచ్చి, “మాకూ ఒగటి కుట్టు భాయ్, నల్లది ఉంటే ఈయ్” అని అడిగారు. నల్లది లేదు. గులాబీ రంగు తీసుకుపోయారు.

జాడీ ఆ నెలంతా నోరు తెరుచుకునే ఉంది. వడకట్టి తూస్తే మూడు ఊళ్లలో కుప్పానిదే పైచేయి, అదీ మామూలుగా కాదు. సారు తలాడించి సంతకం పెట్టారు. వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దమనిషి మొదటి రెండు నెలలూ ఏమయ్యాయని అడిగితే, జల్లెడ సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వు బయటికి వినబడి నా తర్వాతి అభ్యర్థి ధైర్యంగా లోపలికి వచ్చాడట. రిజల్టు తెలిసిన రోజు నాయన ఎవరికీ చెప్పకుండా చింతపండు తూస్తూ కూర్చుని, ఒక బేరగాడు వచ్చి నా సంగతి అడిగే దాకా ఓపిక పట్టి, “దుమ్ముకి ఫస్టు క్లాసు ఇచ్చినారప్పా” అన్నాడట. అమ్మ చెప్పింది. అప్పటికే కుప్పంలో కాదర్ షెడ్డు మానేశాడు. గుడ్డ కట్టినా అత్త మనసు కుదుటపడలేదు. రోజూ వాణ్ని సతాయించి సతాయించి, మామ పక్కన రెండో మిషను వేయించి కూర్చోబెట్టింది.

తర్వాత నేను ఈ సబ్జెక్టే చెప్పుకుని బతికాను, మదనపల్లెలోనే, రిటైరయ్యే దాకా. ఇప్పుడు డిగ్రీ చదివే ప్రతి పిల్లా పిల్లవాడికీ పర్యావరణం పేపరు తప్పనిసరి. కాలుష్యానికి నిర్వచనం గడగడా అప్పజెబుతారు. ఫోను తెరిస్తే గాలి ఎట్లుందో అంకె కనబడుతుంది, ఎవరి మిద్దె మీదా జాడీ పెట్టనక్కర్లేదు. అందుకు నాకు సంతోషమే. మా కాలమే గొప్పదని నేననను. మాకు ఆ అంకె దొరకడానికి మూడు నెలలు పట్టింది, రెండుసార్లు తప్పు వచ్చింది. కానీ ఆ అంకె కోసం ఒకరింట్లో తిని, ఒకరి మిద్దె మీద కూర్చుని, ఇది ఎందుకని అడిగిన మనిషికి జవాబు చెప్పాల్సి వచ్చింది. నా విద్యార్థులు ఫోనులో అంకె చూసి ఫోను జేబులో పెట్టేసుకుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని పడటం లేదు. అది నాకు కొంచెం బాధ. కాదర్‌తో పాటు షెడ్డులో చేరినవాళ్లలో కొందరు తల నెరవకముందే దగ్గి దగ్గి పోయారు. ఊళ్లో టీబీ అనుకున్నారు. వాళ్ల పేర్లు కాదర్ ఇప్పటికీ ఒక్కొక్కటిగా చెబుతాడు.

జైబున్ అత్త, మస్తాన్ మామ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఊరగాయ జాడీ చూసొచ్చిన వారంలోనే నేను కుప్పం వెళ్లాను, కాదర్‌ని చూడాలనిపించి. వీధి మారింది, ఇంటికి పైన ఇంకో అంతస్తు లేచింది, కాదర్ గడ్డం తెల్లబడింది. ఇప్పుడా తెలుపు దులిపితే పోదని వాడే ఎగతాళి చేసుకున్నాడు. పైన కొత్తగా కట్టిన గది చూపిస్తానని మెట్ల వైపు తీసుకెళ్లాడు. మలుపు దగ్గర నేను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. వాడు గబగబా పైకెక్కేసి, అక్కడినుంచి మనవరాలికి ఏదో గట్టిగా కేకేసి చెప్పి, ఆ తర్వాత వంగి నన్ను చూశాడు. “ఏంది అక్కా, యాల ఆయాసపడతాండావు? రా, మెల్లిగా రా” అన్నాడు. వాడి గొంతులో ఆయాసం లేదు. వస్తాండా అని చెప్పడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని, రొప్పుతూ, వాడికేసి చూసి నవ్వాను. ఈ ఇంట్లో ఇవాళ ఆయాసపడేది నేను, వాడు కాదు.